నలభై సెకన్లు

"రాత్‌ఫిన్ వంతెన దగ్గర కాపురముండే బ్రిజీ హాన్లీ, తన ఇంట్లోనే, అయినవాళ్ళ సమక్షంలో," అని చదివి మలకీ టూహీ ఆగాడు. మనసులో మూడు లెక్కపెట్టాడు. ఆ మూడు లెక్కల్లో కౌంటీలోని వంటిళ్ళన్నిటా రొట్టె కోస్తున్న కత్తులు ఆగుతాయి. గుండెల మీద శిలువ గుర్తులు పడతాయి. "అయ్యో, మన బ్రిజీయేనా?" అని ఎవరో ఒకరు అంటారు. ఆ మాట అనడానికి చోటు లేకుండా తర్వాతి పేరు చదివేస్తే అది చావు కబురు కాదు, బస్సుల వేళలు.

ముప్ఫైయొక్క ఏళ్ళుగా రోజూ ఉదయం తొమ్మిదింటికి అతను ఆ రేడియోలో చావు కబుర్లు చదువుతున్నాడు. ఆదివారం మధ్యాహ్నాలు కర్రలతో బంతి కొట్టే హర్లింగ్ ఆట చెబుతున్నాడు. పెళ్ళి చేసుకోలేదు. మైకుకి మూడు ముళ్ళు పడ్డాయి, ఇంకో దానికి తాడు మిగల్లేదని ఊళ్ళో అనుకుంటారు. మనిషి పొడుగు, సన్నం. చెవులు మాత్రం ఇంకెవరికో కొలత తీసి ఇతనికి కుట్టినట్టుంటాయి. గొంతు సంగతి చెప్పనక్కరలేదు. ఒక ఏడు కౌంటీ సెమీఫైనల్లో మైకు చచ్చిపోతే ఉత్త గొంతుతోనే ఆటంతా చెప్పాడనీ, ఆరు మైళ్ళ అవతల పాలిస్తున్న ఆవులు గోలు పడగానే తలలెత్తి చూశాయనీ అంటారు. ఆవుల సంగతి నిజమో కాదో గాని, ఆ రోజు మూడు ఇళ్ళలో పాలు ఒలికిన మాట నిజం.

చివరి పేరు చదివి, మూడు లెక్కపెట్టి, మలకీ బయటికి వచ్చేసరికి ఓర్లా డెవేన్ గుమ్మంలో నిలబడి ఉంది. రేడియోని డబ్లిన్ కంపెనీ కొన్నాక వచ్చిన మేనేజరు. ముప్ఫై రెండేళ్ళది. చెడ్డది కాదు. అదే మలకీకి కష్టంగా ఉండేది. చెడ్డదైతే నాలుగు మాటలు అనేసి నిద్రపోయేవాడు.

"మళ్ళీ ఆగారు. పేరు పేరుకీ మూడు సెకన్లు. డబ్లిన్‌లో యంత్రం ఎర్రగా చూపిస్తోందట, స్టేషను పోయిందనుకుని."

"పోయింది బ్రిజీ. స్టేషను కాదు."

ఓర్లా నవ్వబోయి మానుకుంది. "ఇవాళ్టి సంగతి గుర్తుందిగా? ఆట మొదలైన పావుగంటకి ఒక చిన్న కబురు, సగం ఆటకి ఒకటి, అయిపోయాక ఒకటి. ఒక్కోటీ నలభై సెకన్లు. స్టూడియో నుంచి వాళ్ళే ఫోన్ చేస్తారు. మధ్యలో పాటలు."

"ఫైనలమ్మా అది. మన జట్టు క్లూన్‌బెగ్ ఫైనల్‌కి వచ్చి నలభై ఏడేళ్ళయింది. నలభై సెకన్లలో గోల్‌కీపరు ఎవరి మనవడో చెప్పడం కూడా అవదు."

"ఎవరి మనవడో ఎవరికి కావాలి, మలకీ?"

అది ఎగతాళి కాదు. నిజంగానే అడిగింది. దానికి జవాబుగా అతను ఇప్పటికి రెండు ఉత్తరాలు రాశాడు. ఒకసారి రైలెక్కి డబ్లిన్ వెళ్ళి గాజు గదిలో కూర్చున్నాడు. అక్కడ మెడలో బిళ్ళలు వేసుకున్న ముగ్గురు అతనికి కాఫీ ఇచ్చి, వినేవాళ్ళ సగటు వయసు ముప్ఫై నాలుగనీ, ఆ సగటు మనిషికి ఆటకన్నా పాటే ఇష్టమనీ గోడమీద బొమ్మ వేసి చూపించారు. ఆ ముప్ఫై నాలుగేళ్ళ సగటు మనిషి ఏ ఊరివాడో మలకీ అడిగాడు. వాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. శుక్రవారం కంపెనీ మనిషి వచ్చి, మైదానం నుంచి ఆట పంపే పెట్టెను వ్యాన్‌లో వేసుకుపోయాడు. మలకీకి మిగిలింది జేబులోని ఫోను.

"ఇవాళ మాత్రం తేడా రానివ్వకండి. పైనుంచి నన్నే అడుగుతారు," అంది ఓర్లా. అంటున్నప్పుడు ఆమె చేతులు కోటు జేబుల్లో ఉన్నాయి.

మలకీ కారెక్కాడు. మైదానానికి పోయే దారిలోనే కౌంటీ ముసలివాళ్ళ ఆసుపత్రి. ప్రతి ఆదివారం లాగే ఇవాళా ఆగాడు, ప్యాకీ లెనిహన్ కోసం.

ప్యాకీకి ఎనభై దాటాయి. నలభై ఏడేళ్ళ కిందటి ఫైనల్లో క్లూన్‌బెగ్ గోల్‌కీపరు అతనే. ఆఖరి నిమిషంలో నేలబారుగా వచ్చిన బంతి, పిల్లి పిల్ల దూరినట్టు, అతని కాళ్ళ మధ్య నుంచి వల్లోకి పోయింది. దాని మీద ఊళ్ళో పుట్టిన కథలకి లెక్కలేదు. కంట్లో తేనెటీగ పడిందని కొందరు, గోలులోకి కోడి పరుగెత్తుకొచ్చిందని కొందరు, సరిగ్గా ఆ క్షణాన చర్చి ఫాదర్ తుమ్మితే "దేవుడు చల్లగా చూడాలి" అనడానికి తల తిప్పాడని కొందరు. ప్యాకీ ఏ కథనీ కాదనలేదు. ఆ రోజు నుంచి మైదానంలో మాత్రం అడుగుపెట్టలేదు. బోగ్ చిత్తడి నేల అంచున తన ఇంట్లో, తర్వాత ఈ మంచం మీద, ప్రతి ఆటా రేడియోలోనే చూశాడు. చూశాడనే అనేవాడు, విన్నాననేవాడు కాదు. ముప్ఫైయొక్క ఏళ్ళలో మలకీ ఒక్కసారి కూడా రేడియోలో ఆ బంతి మాట ఎత్తలేదు. ఇద్దరి మధ్యా ఉన్న స్నేహమంతా అదే.

మంచం పక్కన కిటికీ అరుగు మీద ప్యాకీ రేడియో ఉంది. అరచేతంత పాత పెట్టె. ఎవరూ స్టేషను మార్చకుండా తిప్పే గుబ్బమీద ఆసుపత్రి టేపు అంటించి ఉంది. అందులో ఏదో పాట వస్తోంది.

"ఎన్నింటికి మొదలు?" అన్నాడు ప్యాకీ. మాట కంటే ఊపిరి ఎక్కువ వినబడింది.

మలకీకి చెప్పక తప్పలేదు. ఇవాళ రేడియోలో ఆట రాదని, నలభై సెకన్లని చెప్పాడు.

"అయితే నేనెక్కడినుంచి చూడాలిరా?" అన్నాడు ప్యాకీ.

మందులు ఇవ్వడానికి వచ్చిన నర్సు రొవీనా ఇదంతా విన్నది. ఫిలిప్పీన్స్ పిల్ల. ప్యాకీ పక్కన పదకొండు నెలలు డ్యూటీ చేసి, ఏ రిఫరీ ఏ ఊరికి చుట్టమో కూడా నేర్చేసుకుంది.

"నా ఫోను ఈయన దిండు మీద పెడతాను. మీరు ఇటు చెప్పండి," అంది.

"మధ్యలో మూడుసార్లు స్టేషన్‌కి చెప్పాలి. అప్పుడు కట్ చేసి మళ్ళీ చేస్తాను," అన్నాడు మలకీ. రెండూ అవుతాయనే అనుకున్నాడు.

మైదానంలో మలకీ నేస్తం జోసీ క్వర్క్ ఎప్పటిలాగే తన ట్రాక్టరు ట్రైలరు గట్టుకి ఆనించి పెట్టాడు. మలకీకి అదే సింహాసనం. ఎక్కడానికి చెయ్యిస్తూ జోసీ అన్నాడు:

"నలభై సెకన్లటగా. మా ఆవిడ నా పేరు పిలవడానికే అంతకంటే ఎక్కువ తీసుకుంటుంది."

"ఆవిడ పేరుతో ఆపదుగా."

"అదీ నిజమే. ఒరే, ఆ పెట్టె ఏదిరా? ఫోనులో ఎవరితో మాట్లాడతావ్? పెళ్ళికూతురేమైనా దొరికిందా?"

"ప్యాకీతో."

జోసీ టోపీ తీసి మళ్ళీ పెట్టుకుని, ట్రాక్టరు ఇంజను ఆపేశాడు, ఫోనులో చప్పుడు రాకుండా.

ఆట మొదలైంది. మలకీ ఎడమ చేత్తో ఫోను చెవికి ఆనించి, కుడి చెయ్యి గాలికి అడ్డం పెట్టి చెప్పడం మొదలుపెట్టాడు. గాలి బోగ్ వైపునుంచి, ఎదుటి జట్టు రాత్‌ఫిన్ వీపున తడుతోంది. క్లూన్‌బెగ్ గోలులో టీగ్ మనియన్, మిల్లు దగ్గర కుంటి మనియన్ మనవడు, తాత కుంటితనం తప్ప అన్నీ వచ్చాయి. హర్లీ కర్రలు ఢీకొంటుంటే పొడి కట్టెలు చీలుస్తున్నట్టుంది. అడ్డకర్ర పైనుంచి బంతి పోయినప్పుడల్లా తెల్లకోటు మనిషి తెల్లజెండా ఎత్తుతున్నాడు, పాయింటు. వల్లోకి పోతే ఎత్తే పచ్చజెండా, ఒకేసారి మూడు పాయింట్లు తెచ్చేది, ఇంకా నేలమీదే పడి ఉంది.

"పచ్చిక ఎలా ఉంది?" అని అడిగాడు ప్యాకీ.

"తడి. కానీ గోలు ముందు గట్టిగానే ఉంది."

"గోలు ముందు ఎప్పుడూ గట్టిగానే ఉంటుంది," అన్నాడు ప్యాకీ. నలభై ఏడేళ్ళలో ఆ చోటు గురించి అతను అన్న మొదటి మాట అది.

సరిగ్గా పావుగంటకి మలకీ చెవిలో ఇంకో ఫోను వస్తున్నట్టు టిక్కు టిక్కుమంది. స్టేషను.

"ప్యాకీ, ఒక్క నిమిషం, నేను మళ్ళీ..."

"ఆపకురా," అన్నాడు ప్యాకీ.

గట్టిగా కూడా అనలేదు. మలకీ బొటనవేలు ఫోను మీదికి వెళ్ళి, అక్కడే కాసేపు ఉండి, వెనక్కి వచ్చింది. టిక్కులు ఆగాయి. మళ్ళీ మొదలయ్యాయి. సగం ఆటకి ఇంకా ఎక్కువసేపు మోగాయి. అతను గాలి సంగతి చెబుతూనే ఉన్నాడు, విశ్రాంతిలో పిల్లలు మైదానంలోకి దూకి కర్రలు తిప్పుతున్న సంగతీ, రాత్‌ఫిన్ ఫాదర్ తన ఊరివాళ్ళకంటే పెద్ద శాండ్‌విచ్ తింటున్న సంగతీ చెబుతూనే ఉన్నాడు. అవతల ఊపిరి చప్పుడు వినబడుతోంది. రెండో సగం మొదలై గాలి తిరిగిందని చెప్పాక అది కూడా వినబడలేదు. గాలి హోరు వల్ల అనుకున్నాడు.

ఇంకో నిమిషం ఉందనగా రాత్‌ఫిన్ మూడు పాయింట్లు పైన ఉంది. పదిహేడు, పద్నాలుగు. అప్పుడు క్లూన్‌బెగ్ కుర్రాడొకడు గుంపులోంచి బంతిని కాలితోనో కర్రతోనో, తనకే తెలియకుండా, నేలబారుగా తోశాడు. అందులో బలం లేదు. రాత్‌ఫిన్ గోల్‌కీపరు పందొమ్మిదేళ్ళవాడు, దాన్ని చూస్తూనే ఉన్నాడు. వంగాడు. బంతి అతని కాళ్ళ మధ్య నుంచి మెల్లగా, ఇంటికి పోయే బాతులా, గీత దాటింది.

పచ్చజెండా లేచింది. క్లూన్‌బెగ్ జనం అరుపుకి ట్రైలరు ఊగింది. మలకీ నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు. కథలు బోలెడు కల్పించాడు గాని, బంతి ఎటు పోయిందన్న విషయంలో ముప్ఫైయొక్క ఏళ్ళలో అబద్ధం చెప్పలేదు.

"గోలు, ప్యాకీ," అన్నాడు. "ముప్ఫై గజాల నుంచి కొట్టాడు. కీపరు భుజం మీదుగా, పై మూలకి. కంటికి ఆనలేదు. భూమ్మీద ఏ గోల్‌కీపరూ దాన్ని ఆపలేడు."

ఈల పడింది. ఒక గోలూ పద్నాలుగు పాయింట్లు ఇటు, పదిహేడు పాయింట్లు అటు. సమం.

"వచ్చే ఆదివారం మళ్ళీ ఆడతారు. విన్నావా ప్యాకీ?"

"మలకీ గారూ," అంది ఫోనులో రొవీనా. తర్వాత ఏమీ అనలేదు. ఆమె ఆగిన ఆ కాసేపటిలో మలకీకి తెలిసిపోయింది. అటువంటి విరామం కొలత అతనికంటే ఎవరికి తెలుసు.

ట్రైలరు మీద అతను అలాగే కూర్చుండిపోయాడు. కొండ అవతల రాత్‌ఫిన్ వైపు నల్లటి పొగ లేస్తోంది.

"వాళ్ళ కొంప మునిగింది," అన్నాడు జోసీ, కారు రేడియోలో విని వచ్చి. "నువ్వు దొరక్కపోతే స్కోరు ఎవరో మెసేజ్ పెట్టారట. డబ్లిన్ కుర్రాడు గోలుని గాలికొదిలేసి, పద్నాలుగుకి పదిహేడు, రాత్‌ఫిన్ ఛాంపియన్లు అని చదివేశాడు. గెలిచామనుకుని కూడలిలో టైర్లు, పొయ్యిలో వేసే పీటు గడ్డలు, పాత సోఫా అన్నీ కలిపి మంట పెట్టేశారు. వాళ్ళ జట్టు ఇంటికెళ్ళి ఆ మంట చూసి ఏం చెయ్యాలిరా, చలి కాచుకోవాలా?"

మలకీ తలెత్తకపోవడం చూసి జోసీ పక్కనే కూర్చున్నాడు. "ప్యాకీయా?" అని అడిగాడు. మలకీ తల ఊపాడు. జోసీ మళ్ళీ టోపీ తీశాడు, ఈసారి పెట్టుకోలేదు.

ఆసుపత్రి వరండాలో ఉండగా ఓర్లా ఫోన్ వచ్చింది.

"మూడుసార్లూ మోగిందే గాని మీరు ఎత్తలేదు, మలకీ. రాత్‌ఫిన్ నుంచి నూట పద్నాలుగు ఫోన్లు. ఒకాయన సోఫాకి సోఫా అడుగుతున్నాడు. నేను మీ తరఫున చెప్పాను. నిజంగా చెప్పాను."

"తెలుసమ్మా."

"స్టేషను తాళాలు రేపు ముందు గదిలో ఇచ్చెయ్యమన్నారు. చావు కబుర్లు కూడా ఇక డబ్లిన్‌లోనే రికార్డు చేస్తారట."

"రేపటి ఒక్కటీ నన్ను చదవనిస్తారా? ఒక్క పేరు."

"నా చేతుల్లో లేదు," అంది ఓర్లా. ఆమె గొంతు వింటే అది నిజమనే తెలుస్తోంది.

ప్యాకీ మంచానికి తెర లాగి ఉంది. రొవీనా అతని జుట్టు తడి దువ్వెనతో దువ్వి, చేతులు ఛాతీ మీద పెట్టింది. ఆ పెద్ద చేతులు బంతి కోసం చాచినట్టే సగం ముడుచుకుని ఉన్నాయి.

"ఎప్పుడు?" అన్నాడు మలకీ.

"మీరు గాలి తిరిగిందని చెప్పారే, అప్పుడు."

"మరి ఫోను కట్ చెయ్యలేదేం?"

"మీరు చెబుతున్నారుగా," అంది రొవీనా. దుప్పటి అంచు సరిచేసింది. "ఆ గోలు... నిజంగా ఎవరూ ఆపలేనిదేనా?"

మలకీ ప్యాకీ మొహం వైపు చూశాడు.

"ఎవరూ ఆపలేరు," అన్నాడు.

తర్వాత టోపీ చేతిలో పట్టుకుని, తొమ్మిదిగంటల గొంతుతో, కానీ మెల్లగా అన్నాడు: "క్లూన్‌బెగ్, బోగ్ రోడ్డు, ప్యాట్రిక్ లెనిహన్, గోల్‌కీపరు." ఆగాడు. రొవీనా శిలువ గుర్తు వేసుకుంది.

కిటికీ అరుగు మీద రేడియో, గుబ్బమీద టేపు ఒక అంచున లేచి, ఆగకుండా ఏదో పాట పాడుతూనే ఉంది.