గోడ అవతలి మన్ను

కర్మన్‌ఘాట్‌లో కోటేశ్వరమ్మ పెరటి జామచెట్టుకు ఏ పండు కోసినా పురుగే. రాలిన పండులోంచి పురుగు మట్టిలోకి దిగి, ఈగై పైకొస్తుంది. మట్టిలోనే దాన్ని చంపే కంటికానని నులిపురుగులు ప్యాకెట్లలో దొరుకుతాయని విని, కొడుకు మురళీకృష్ణ తెప్పించాడు. ఎండ తగ్గాక నీళ్లలో కలిపి చెట్టు కింద పోశాడు. మన్ను ఆరకుండా కోటేశ్వరమ్మ రోజూ తడిపింది.

అయినా తర్వాతి కాపు కూడా పురుగే.

"పురుగుకి పురుగు మందేంట్రా, నీ మొహం!" అని విసుక్కుంటూ, ఆవిడ ఎప్పటిలాగే రాలిన పళ్లను చేటకెత్తి గోడ మీంచి విసిరేసింది. పుచ్చు పళ్లు పెరట్లో ఉంటే ఆవిడకు అసహ్యం.

గోడ మీదకి పక్కింటి అండాలమ్మ తల లేచింది.

"ఏందమ్మా, మళ్ల ఏసినవా? రోజూ మా జాగలనే ఏస్తున్నవ్! ఈగలతోని పరేషాన్ అయితున్నం."

మురళీకృష్ణ తల పట్టుకున్నాడు. "అమ్మా, మందేమో ఇటు పోశాం. పురుగుల్నేమో అటు పంపిస్తున్నావు. అవి ఈగలై మళ్లీ మన చెట్టు మీదకే వస్తున్నాయి."

కోటేశ్వరమ్మ తడబడలేదు. "అయితే ఇంకో ప్యాకెట్ తెప్పించి వాళ్లవైపు కూడా పొయ్యరా."

"మందు తర్వాత పోద్దురు గాని," అంది అండాలమ్మ, "గా చేట పట్టుకొని జర ఇటు రా. ముందుగాల నీ పండ్లు నువ్వు ఏరుకపో."