జెన్నీకి ఎంతవరకు అర్థమైంది

జెనిఫర్ చదువు సంగతి ఇంట్లోవాళ్ళకంటే ముందు సంఘానికే తెలిసింది. ఐదేళ్ళు నిండకుండానే బందరు చర్చిలో స్టూలెక్కి నిలబడి, బైబిల్లో పెద్దవాళ్ళకే నోరు తిరగని పేర్లున్న అధ్యాయాన్ని ఎక్కడా తడబడకుండా చదివేసింది. ఆ రోజు నుంచి వాళ్ళ తాతయ్య దయానందం కాళ్ళు నేల మీద ఆనలేదు. హైస్కూల్ హెడ్మాస్టరుగా రిటైరై, సంఘ పెద్దగా ఉన్న మనిషాయన. తన సర్వీసు మొత్తంలో ఇలాంటి పిల్లని చూడలేదని ఎదురొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవాడు. కాకి పిల్ల కాకికి ముద్దు అని నవ్వుకున్నవాళ్ళు కూడా జెన్నీ చదువు విన్నాక నోరు మూసుకున్నారు.

ఎవరైనా మంచం పడితే సంఘ పెద్దలు ఆ ఇంటికి వెళ్ళి ప్రార్థన చేసి, వాక్యం చదివి రావడం వాళ్ళలో మామూలే. ఇదివరకు ఆ చదివే పని దయానందానిదే. ఇప్పుడాయన మనవరాలిని స్కూటర్ ముందు నిలబెట్టుకుని తీసుకెళ్ళడం మొదలుపెట్టాడు. బందరులోనే కాదు, పులిగడ్డ దాటి దివిసీమలో ఉన్న చుట్టాల ఊళ్ళకి కూడా. పసిపిల్ల నోట వాక్యం వింటే ప్రాణం కుదుటపడుతుందని జనం కబురు పెట్టి మరీ పిలిపించుకునేవాళ్ళు. వచ్చేటప్పుడు చేతిలో బిస్కెట్ ప్యాకెట్ పెట్టి, బుగ్గలు పుణికి పంపేవాళ్ళు. ఇందులో తప్పేముందని ఎవరికీ అనిపించలేదు. తల్లి లీలావతికి కూడా అనిపించలేదు.

లీలావతి గూడూరు దగ్గర ఒక పల్లెలో ఎలిమెంటరీ స్కూల్ టీచరు. ఏటా బడి తెరవగానే పిల్లల్ని ఒక్కొక్కరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఎవరు అక్షరాల దగ్గరే ఆగిపోయారు, ఎవరు పదాల దాకా వచ్చారు, చదివింది ఎవరు సొంత మాటల్లో చెప్పగలరు అని తేల్చడం ఆమె పని. ఊళ్ళో పిల్లలందరి చదువూ కొలిచే ఆ మహాతల్లి సొంత కూతురిని మాత్రం "నీకేం అర్థమైందే?" అని ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు. నీళ్ళు తాగినట్టు చదివేస్తుంటే అడిగేదేముంది అనుకుంది.

ఈ ఏడాది లీలావతి అత్తగారు సువార్తమ్మ మంచం పట్టింది. కాలేయం పాడైంది, ఇంక ఆసుపత్రిలో చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకెళ్ళి ఆవిడ అడిగింది పెట్టండి అన్నారు డాక్టర్లు. సువార్తమ్మ తిండి అడగలేదు.

"ఊరందరికీ చదువుతావు, నాకెప్పుడు చదువుతావే నా తల్లీ?" అని మనవరాలిని అడిగింది.

ఆ మాటకి జెన్నీ ఒకరోజు గొంతు నొప్పంది, ఒకరోజు కళ్ళు మంటలంది, ఇంకోరోజు పిలుస్తుండగానే పెరట్లోకి పరుగెత్తింది. ఎనిమిదేళ్ళకే ఇంత పొగరేమిటని లీలావతి వీపు మీద రెండు వేసింది కూడా. దెబ్బలు తిన్నది గానీ పిల్ల చదవలేదు. పెద్దావిడ గోడ వైపు తిరిగి పడుకుంది. ఆవిడకి ఎన్నో రోజులు లేవు, ఈ పిల్ల చూస్తే మొండికేసింది.

అదే రోజుల్లో గుడివాడలో ఒక స్కూలువాళ్ళు బాగా చదివే పిల్లలకి పరీక్ష పెట్టి పై తరగతిలో చేర్చుకుంటున్నారని దయానందం విన్నాడు.

"మూడు నుంచి సరాసరి ఐదులోకి వెళ్ళిందని చెబితే మీ అత్తయ్య తృప్తిగా వెళ్తుందమ్మా" అన్నాడు కోడలితో. ఆయన కళ్ళలో నీళ్ళు చూశాక లీలావతి కాదనలేకపోయింది. ముగ్గురూ బస్సెక్కారు.

పరీక్ష పెట్టిన టీచరు పేరు సూర్యకుమారి. నెమ్మదైన మనిషి. మడ అడవుల గురించి ఒక పేజీ ఇచ్చి, "ముందు చదువమ్మా, తర్వాత నీకు అర్థమైంది చెబుదువుగాని" అంది. జెన్నీ కాగితం వైపు చూసింది, తాతయ్య వైపు చూసింది.

"మ... డ... అ... డ..." అని వేలు పెట్టి కూడబలుక్కోవడం మొదలుపెట్టింది.

దయానందం ఆటలనుకుని నవ్వాడు. రెండో వాక్యానికి ఆ నవ్వు పోయింది. పేరా సగానికి రాకముందే సూర్యకుమారి కాగితం తీసేసుకుని, ఏమర్థమైందని అడిగింది. పిల్ల తల అడ్డంగా ఊపింది.

"రెండో తరగతి స్థాయి కూడా సరిగ్గా లేదండీ. ఇంట్లో వినీ వినీ కొన్ని పేజీలు బట్టీ పట్టి ఉంటుంది. మీరూ టీచరేగా, ఇలాంటి పిల్లల్ని చూసే ఉంటారు" అంది లీలావతితో.

లీలావతికి తల కొట్టేసినట్టయింది. సిగ్గుకంటే భయం ఎక్కువ వేసింది. నిజంగానే ఇన్నాళ్ళూ బట్టీ పట్టి మమ్మల్ని మభ్యపెట్టిందా? లేక పిల్లకి ఏమైనా జబ్బా? గేటు బయటికి రాగానే దయానందం, "నా పరువు గంగలో కలిపావు కదే" అన్నాడు. ఆయన జెన్నీని అంత మాట అనడం అదే మొదలు. బస్సులో ఎక్కడో వెనక సీట్లోకి పోయి కూర్చున్నాడు.

గుడ్లవల్లేరులో బస్సు ఆగితే లీలావతి వేరుశనక్కాయలు కొని పిల్ల చేతికిచ్చింది. కోపం వచ్చినా కడుపు మాడ్చలేదు కదా. జెన్నీ కాయలన్నీ తిని, పొట్లం కాగితం ఒళ్ళో పరుచుకుని కాసేపు కిటికీ బయటికి, కాసేపు కాగితంలోకి చూసింది.

"అమ్మా, చెరువులో చేపలకి ఊపిరాడకపోతే రైతు ఏం చెయ్యాలో ఇందులో రాశారు. కానీ వాటికి ఊపిరాడట్లేదని ఆయనకెలా తెలుస్తుందో రాయలేదు. చేపలు చెప్పలేవుగా?"

లీలావతి కాగితం అందుకుని చూసింది. ముదినేపల్లి వైపు చేపల చెరువుల గురించి ఏదో పేపరు ముక్క. అక్షరాలు చీమ తలకాయలంత ఉన్నాయి. పిల్ల చెప్పినట్టే, ఆ సంగతి ఎక్కడా రాయలేదు.

"ఇదంతా ఇప్పుడు చదివావా?"

జెన్నీ నాలుక కరుచుకుంది.

"మరి అక్కడ ఎందుకే అలా చదివావు? తాతయ్య ఎంత బాధపడ్డాడో చూశావా?"

"బాగా చదివితే నానమ్మకి చదవమంటారు."

"అంటే ఏం? ఆవిడకి చదవడానికి నీకేం వచ్చింది?"

పిల్లకి ఏడుపు వచ్చేసింది. "నేను చదివితే చచ్చిపోతారు" అంది.

బస్సు మోతలో సరిగ్గా వినలేదేమోననుకుంది లీలావతి. కానీ పిల్ల ఆగలేదు. "కోడూరు తాతయ్యకి చదివాను, చచ్చిపోయాడు. టైలర్ గారి అమ్మకి చదివాను, ఆవిడా చచ్చిపోయింది. హేమంత్ వాళ్ళ నాన్నకి చదివితే ఆయన కూడా. నువ్వొచ్చి చదివాకే మా నాన్న పోయాడని హేమంత్ క్లాసులో అందరికీ చెప్పాడు. నా పక్కన ఎవరూ కూర్చోవట్లేదమ్మా. నానమ్మకి నేను చదవను. కొట్టినా చదవను."

లీలావతి గుండె చెరువైంది. ఈ పిల్లనా తను వీపు మీద కొట్టింది! ఒళ్ళోకి లాక్కుని తల నిమిరింది.

"పిచ్చి తల్లీ, నువ్వు చదవడం వల్ల ఎవరూ పోలేదమ్మా. వాళ్ళకి అప్పటికే జబ్బు ముదిరిపోయింది. ఇంక బతకరని తెలిశాకే కదా మనకి కబురు పెట్టేది? నువ్వు వెళ్ళకపోయినా పోయేవాళ్ళే. ఇందులో నీ తప్పు ఆవగింజంత కూడా లేదు."

జెన్నీ ఏడుపు ఆపింది. ముక్కు తుడుచుకుని, తల్లి భుజానికి ఆనుకుని ఆలోచనలో పడింది. లీలావతికి గుండెల మీద నుంచి బండ దించినట్టయింది. టీచరు కదా, విడమరిచి చెప్పగలిగానని కాస్త గర్వం కూడా వచ్చింది. ఆ గర్వం పెడన రాకముందే ఎగిరిపోయింది.

"అమ్మా, ఇంక బతకరని తెలిశాకే నన్ను పిలుస్తారా?"

"అంతేనమ్మా."

"మరి నానమ్మకి చదవమంటున్నారు కదా?"

తన కూతురికి ఎంతవరకు అర్థమవుతుందో లీలావతికి అప్పుడు తెలిసింది. లేదమ్మా, నానమ్మకి తగ్గిపోతుంది అనాలనే ఉంది ఆమెకి. నోరు పెగల్లేదు. తల్లి మాట్లాడకపోవడాన్ని కూడా జెన్నీ చదివేసింది. మళ్ళీ ఏమీ అడగలేదు, ఏడవలేదు. బందరు వచ్చేదాకా పొట్లం కాగితాన్ని మడుస్తూ, విప్పుతూ కూర్చుంది.

ఇంటికి చేరేసరికి పొద్దు వాలింది. వసారాలో దయానందం చెప్పులు విప్పుతుంటే లీలావతి జరిగిందంతా చెప్పేసింది. "దీన్ని ఇంక ఎవరి మంచం దగ్గరికీ తీసుకెళ్ళకండి మావయ్యగారూ" అంది. మామగారితో అలా మాట్లాడటం ఆమెకి కొత్త. ఆ పెద్దాయన అక్కడే కుర్చీలో కూలబడి, "నేనే తీసుకెళ్ళాను. నా చేతులతో నేనే తీసుకెళ్ళానమ్మా" అన్నాడు.

లోపలి గదిలో అప్పటికే మాటలు వినిపిస్తున్నాయి. లీలావతి గుమ్మం దగ్గరికి వెళ్ళి చూసింది. జెన్నీ కాళ్ళయినా కడుక్కోకుండా మంచం మీదికి ఎక్కి, బైబిలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఏం చదువుతావే నాకు?" అంటోంది సువార్తమ్మ. ఆ ముఖంలో వెలుగు వచ్చి ఎన్నాళ్ళయిందో.

"అన్నిటికంటే పెద్దది."

పేజీలు తిప్పి వెతికి పట్టుకుని మొదలుపెట్టింది. సువార్తమ్మ మనవరాలి మోకాలి మీద చెయ్యి వేసి విన్నది. వింటూ వింటూ నిద్రలోకి జారింది. ఊపిరి భారంగా, ఆగి ఆగి వస్తోంది. జెన్నీ గొంతు బొంగురుపోతున్నా ఆపలేదు. ఆ అధ్యాయం అయిపోయింది. నీళ్ళు కూడా అడక్కుండా తర్వాతది మొదలుపెట్టింది.

లీలావతి ఇంక చూడలేక దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేసింది. "నానమ్మ పడుకుందమ్మా. చాల్లే, ఇంక ఆపు."

జెన్నీ తల ఎత్తలేదు. వేలు వరుస మీదే ఉంచి, నానమ్మ లేస్తుందేమోనని గొంతు తగ్గించింది.

"నేను చదువుతుండగా ఎవ్వరూ పోలేదమ్మా" అని, పేజీ తిప్పింది.