సాల్వెంటు ఎక్కించం

మిట్టమధ్యాహ్నం వదిన పడిపోయింది. వడపోత గదిలో తడిసిన మందుపొడి తోడుతూ తోడుతూ అలాగే డ్రమ్ము మీదకి ఒరిగిపోయింది. మొగుడు పోయాక పనిలోకొచ్చిన మనిషి, షిఫ్టులో అందరికీ వదినే. మూతికి కట్టుకున్న గుడ్డ తీస్తే, సరుకు కరిగించడానికి పోసే సాల్వెంటు వాసన గుప్పుమంది.

మేనేజరు వచ్చాడు. "బయట గాలికి పడుకోబెట్టండి. ఇంకొకర్ని లోపలికి పంపండి" అన్నాడు. మనిషి బతికుందా అని కూడా అడగలేదు.

వదిన్ని ఆటోలో ఆస్పత్రికి పంపి మళ్లీ పనిలోకి దిగాం. సిగ్గు లేక కాదు, ఓపిక లేక. పోట్లాడాలన్నా ఒంట్లో సత్తువుండాలిగా.

సాయంత్రం క్యాంటీన్‌కి ల్యాబు అమ్మాయి వచ్చింది. తెల్లకోటు వాళ్లు మా బల్లల వైపు రారు. ఆ పిల్ల వచ్చి, నిలబడే చెప్పింది.

"మందు ఒక్క దెబ్బన తయారవదు. ముక్కలుగా చేసి అతుకుతారు. మనం చేసేది అందులో ఒక ముక్క. దానికి ఈ సాల్వెంటు అక్కర్లేదు, నీళ్లలోనే చేయొచ్చు. ల్యాబులో చేశాం, చిన్న రియాక్టర్లో చేశాం. సరుకు ఇంకా శుభ్రంగా వచ్చింది."

"మరి ఇక్కడెందుకు చెయ్యరు?" అన్నాను. సరుకు ఉడికే పెద్ద రియాక్టరు నడిపేది నేనే.

"ఉన్న సాల్వెంటు అయిపోయాక చూద్దామంటున్నారు."

"ఎప్పటికయ్యేను? ట్యాంకు సగమయ్యేసరికి లారీ దిగుతుంది" అన్నాడు బాయిలరు పెద్దాయన. "అది ఓనరు బామ్మర్ది ఫ్యాక్టరీ సరుకు. వాళ్లది బావా బామ్మర్దుల సరసం, మనకి ఊపిరితిత్తుల గండం."

ఎవరో నవ్వబోయి దగ్గారు.

"ఇన్నాళ్లూ ఏమైందమ్మా నీ నోరు?" ప్యాకింగ్ అక్క విసురుగా అంది. "వదిన పడిపోతే గానీ గుర్తురాలేదా?"

ఆ పిల్ల తలొంచుకుంది. "పైవాళ్లకి చెబితే చాలనుకున్నానక్కా."

"పైవాళ్లకి చెవులుండవు. చేతులుంటాయి, అవీ మనవే" అన్నాడు పెద్దాయన.

వాదన పెరిగింది. పని పోతే పిల్లల గతేంటని ఒకరు, పనుంటే మాత్రం పిల్లలకి మనం మిగులుతామా అని ఇంకొకరు. చివరికి ఒక్క మాట మీదికొచ్చాం. నడుస్తున్న బ్యాచ్‌ని మధ్యలో వదిలితే ప్రమాదం. దాన్ని పూర్తిచేస్తాం. తర్వాతి బ్యాచ్‌కి సాల్వెంటు ఎక్కించం.

మర్నాడు పొద్దున్నే బ్యాచ్ దించాం. రియాక్టరు కడిగాం. సాల్వెంటు వాల్వు మూసి, దాని ముందు కింద కూర్చున్నాం. నినాదాలివ్వడానికి కూడా ఓపిక లేదు. ల్యాబు అమ్మాయి వచ్చి, కోటు విప్పి మడతపెట్టి, దానిమీదే చతికిలబడింది.

మేనేజరు బతిమాలాడు, బెదిరించాడు. "రోగులకి మందు ఆపుతారా? పాపం తగలదూ?"

"మందు ఆపమనలేదు సారూ" అన్నాను. "నీళ్లలో చేయించండి, ఇప్పుడే లేస్తాం."

పోలీసులొచ్చారు. కంపెనీ రహస్యం బయటపెట్టిందంటూ ఆ పిల్లని లేపారు. పెద్దాయన అడ్డుపడ్డాడు. "మాకేగా చెప్పింది! ఈ ఫ్యాక్టరీకి మేం బయటివాళ్లమా?" ఆయన్నీ జీపెక్కించారు. ఎక్కుతూ ఆ పిల్ల మా వైపు తిరిగి "లేవకండి" అంది. అరవలేదు. అరిచే గొంతు కాదది.

వదిన ఇంకా కళ్లు తెరవలేదని ఆస్పత్రి నుంచి కబురొచ్చింది. ప్యాకింగ్ అక్క కొంగుతో మొహం తుడుచుకుంది.

"రెండో షిఫ్టు రానీండి. వాళ్లు మీలా మూర్ఖులు కారు" అన్నాడు మేనేజరు.

సైరన్ మోగింది. రెండో షిఫ్టు లోపలికొచ్చింది. మేనేజరు వాల్వు వైపు చెయ్యి చూపించాడు. వాళ్లు ఆయన్ని చూశారు, మమ్మల్ని చూశారు. ముందున్న ఆవిడ మా దగ్గరికొచ్చి, నడుం పట్టుకుని కూర్చోబోతూ, "కాస్త జరగండి" అంది.

జరిగాం.