గుంటలోంచి వచ్చిన గొంతు

సబ్‌స్టేషన్‌లో అతన్ని అందరూ రేడియో అనేవారు. పొద్దున గేటు దాటింది మొదలు సాయంత్రం చొక్కా మార్చుకునేదాకా నోరు మూసేవాడు కాదు. ఏ ఆఫీసరు గొంతైనా అచ్చు దింపేసేవాడు. ఫిట్టరుగా ఇరవయ్యేళ్ళ అనుభవం. అక్కడే మీటర్లు చూసే ఆపరేటరు అతని భార్యకు సొంత తమ్ముడు.

స్విచ్‌గదిలో లావాటి లోహపు గొట్టాల నిండా ఒక గ్యాస్ ఉంటుంది. భారీ కరెంటును తెంపేటప్పుడు లేచే మంటను అది ఆర్పేస్తుంది. రంగు లేదు, వాసన లేదు, విషమూ కాదు. కాని గాలికంటే అయిదు రెట్లు బరువు. కారిందంటే నీళ్ళలా పల్లానికి దిగి, అక్కడున్న గాలిని పైకి నెట్టేస్తుంది.

ఆ నెలలో మూడో గొట్టం మీటరు ముల్లు రోజూ కొంచెం కొంచెం జారుతోంది. బాగుచేయాలంటే లైను ఆపాలి. పైవాళ్ళు ఒప్పుకోలేదు. సిలిండర్లు తెచ్చి నింపుతూ వచ్చారు. నింపిందంతా ఎటు పోతోందని ఎవరూ అడగలేదు. కింద కేబుల్ గుంటలో గాలి తోడే ఫ్యాను రెండు నెలలుగా చచ్చి పడి ఉంది. ఆ సంగతి ఆపరేటరు రిజిస్టర్లో మూడుసార్లు రాశాడు.

ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక సూపర్‌వైజరు, "కింద జాయింటు దగ్గర కారుతోందేమో, ఓసారి చూసి రా" అన్నాడు. రేడియో టార్చి పట్టుకుని గుంటలోకి నిచ్చెన దిగాడు.

"బావమరిదీ, ఇక్కడేం కనపడట్లేదు."

ఆ గొంతు అతనిది కాదు. లావుగా, మొరటుగా, ఎవరో పరాయి మనిషిదిలా ఉంది.

ఆపరేటరు ఫక్కున నవ్వాడు. "మళ్ళీ మొదలెట్టావా బావా? ఇదెవరి గొంతు?"

"ఏమో..." అంది ఆ గొంతు.

పక్కనున్న వెల్డరు కూడా నవ్వాడు. అంతలో టార్చి నేలకు తగిలిన చప్పుడు. అప్పుడు తట్టింది ఆపరేటరుకి. ఆ గ్యాస్ పీలిస్తే గొంతు బొంగురుపోతుందని శిక్షణలో చెప్పారు. గబగబా నిచ్చెన మీద నాలుగు మెట్లు దిగేసరికి అతనికీ కళ్ళు తిరిగాయి. ఎలాగో పైకి పాకాడు. వెల్డరు దిగబోతే నడుం పట్టుకుని ఆపాడు.

"వద్దన్నా, నువ్వూ పోతావ్!"

ఆక్సిజన్ మాస్కు స్టోరులో ఉంది, స్టోరుకు తాళం. తాళం తీయించి మాస్కు తెచ్చేసరికి పదకొండు నిమిషాలు పట్టింది. పైకి తెచ్చేటప్పటికే రేడియో పెదాలు నల్లబడిపోయాయి.

"ఆఖర్న ఏమైనా అన్నారా?" అని అడిగింది అక్క.

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. "నన్ను పిలిచాడక్కా. గొంతు మారిపోయింది. వేళాకోళం అనుకున్నా. నవ్వాను."

అక్క లేచి తలుపు దగ్గరకు నడిచింది. "కొన్నాళ్ళు ఈ ఇంటికి రాకురా."

విచారణ మొదలైంది. "నువ్వు వద్దంటున్నా దిగాడని రాసెయ్. నీకూ మంచిది, నాకూ మంచిది" అన్నాడు సూపర్‌వైజరు. ఆపరేటరు అలా రాయలేదు. ఫ్యాను సంగతి, తాళం సంగతి, తన నవ్వుతో సహా జరిగింది జరిగినట్టు రాసిచ్చాడు.

నాలుగు నెలలకు నివేదిక వచ్చింది. "మృతుని మారిన గొంతును సహోద్యోగి పరిహాసముగా భావించి జాప్యము చేయుటచే ప్రాణనష్టము సంభవించినది." ఫ్యాను ఊసే లేదు.

ఆ సాయంత్రం అక్క ఫోన్ చేసింది. "నాకూ వచ్చింది ఆ కాయితం. ఫ్యాను చెడిపోయిందని నువ్వు రాయలేదా?"

"రాశానక్కా. రిజిస్టర్లో కూడా ఉంది, మూడుచోట్ల."

"అయితే రేపు నాకు చూపించు."

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ ఆఫీసుకు వెళ్ళారు. గుమాస్తా తెచ్చిచ్చిన రిజిస్టరు అట్ట నలగని కొత్తది. మొదటి పేజీలో తేదీ, రేడియో పోయిన తర్వాతి వారంది.

"పాతదేదీ?"

"చెదలు పట్టిందని తీసేశారమ్మా" అన్నాడు గుమాస్తా, బల్ల వంక చూస్తూ.

అక్క వెళ్ళి ఆఫీసరు గది ముందున్న బెంచీ మీద కూర్చుంది.

"సారు లేరమ్మా."

"వస్తారుగా."

ఆపరేటరు గోడవారగా నిలబడ్డాడు. గంటసేపు ఎవరూ రాలేదు. ఆమె పక్కనున్న సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుని, కాస్త జరిగి చోటిచ్చింది. అతని వంక మాత్రం చూడలేదు. అతను వెళ్ళి కూర్చున్నాడు.