గుమ్మం ముందు రెండు గిన్నెలు

ఆ ఇంటి కుక్కకి అసలు పేరేదో ఉండేది. కానీ దూడంత ఒళ్లేసుకుని ఎప్పుడు చూసినా వాకిలికి అడ్డంగా పడుకుంటుందని అందరూ దాన్ని 'గుమ్మం' అనేవాళ్లు. ముసలితనం మీద పడ్డాక దానికి లేవడమే పెద్ద పనైపోయింది. ముందు కాళ్ల మీద లేచేది, వెనక భాగం మాత్రం ఎంతకీ వెంట రానని మొరాయించేది.

డాక్టరమ్మ దాని తుంటి నొక్కి చూసి, "కీళ్లు అరిగాయి. బరువు కాస్త తగ్గాలి. పెద్ద జాతి ముసలి కుక్కలకని చేపతో చేసిన తిండి దొరుకుతుంది, అది పెట్టి చూడండి" అంది.

ఆ మాటకి అల్లుడుగారి గుండెల్లో రాయి పడింది. ఆయనకి సెంట్ల కొట్టుంది. ముక్కే ఆయన పెట్టుబడి. పక్కింట్లో చేప వేగితే ఇక్కడ కిటికీలు బిడాయించే మనిషి.

అయినా బుద్ధిగా షాపుకెళ్లాడు. ఒక్కో సంచీ ఎత్తి ముక్కుకి ఆనించుకుని, చివరికి ఏ వాసనా లేనిదాన్ని ఏరి తెచ్చాడు. సంచీ మీద మాత్రం చేప బొమ్మ నిగనిగలాడుతోంది.

అత్తగారు కళ్లజోడు పెట్టుకుని వెనక ఉన్న చిన్నక్షరాలన్నీ ఓపిగ్గా చదివింది.

"బాబూ, ముందు మొక్కజొన్న, తర్వాత గోధుమ పొట్టు, ఆ తర్వాత కోడి. చేప ఎక్కడో అట్టడుగున ఉంది. దీన్లో చేప ఈదలేదు, పక్కనించి నడిచెళ్లిందంతే."

"గుమ్మానికి నచ్చాలి కదండీ అత్తయ్యగారూ."

"అయితే దాన్నే అడుగుదాం" అంటూ ఆవిడ అటక కింద నించి ఇంకో సంచీ లాగింది. తనూ ఒకటి కొనుక్కొచ్చి దాచిపెట్టింది మరి. అందులో మొదటి పేరే చేప. మూతి విప్పగానే అల్లుడుగారు రెండడుగులు వెనక్కి వేశాడు.

మర్నాడు పొద్దున్న వాకిట్లో రెండు గిన్నెలు పెట్టారు. కుక్క ఏది తింటే ఇకమీదట అదే. ఓడినవాళ్లు రోజూ దానికి తిండి కలిపి పెట్టాలి. అత్తగారి కూతురు, అంటే ఆయన భార్యే, మధ్యస్థం. అత్తగారు తన గిన్నెలో వేణ్ణీళ్లు చిలకరించి, "పాపం, పళ్లు అరిగాయి, మెత్తబడనీ" అంది అమాయకంగా. ఆవిరితో పాటు ఇల్లంతా చేపే. ఆవిడ అటు తిరగ్గానే అల్లుడుగారు వంటింట్లోకి దూరి, ఇంత వెన్న తీసి తన గిన్నె అడుగున రాసి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

గుమ్మం మూలుగుతూ లేచింది. గిన్నెలవైపు చూడనైనా చూడలేదు. తిన్నగా అల్లుడుగారి వెనక్కి వెళ్లి, ఆయన వేళ్లు ఒక్కొక్కటే శ్రద్ధగా నాకడం మొదలెట్టింది. ఆయన చెయ్యి పైకెత్తితే అదీ మెడ సాచింది.

"ఏమండీ," అంది భార్య, "మీ చేతికేమైంది?"

"ఏం లేదే. అభిమానం."

"అభిమానం జిడ్డుగా మెరుస్తోంది" అంది అత్తగారు.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఈలోగా వేళ్లు ఖాళీ చేసిన గుమ్మం చేప గిన్నె దగ్గరికెళ్లి, అడుగు కనబడేదాకా తినేసి, దాని పక్కనే కూలబడింది. వెన్న గిన్నెని చప్పున ఎత్తేసింది కూతురు.

ఆ రోజు నించీ ఆ పని ఆయనదే. మొదట్లో ముక్కుకి బట్ట కట్టుకుని కలిపేవాడు. బరువు తగ్గాలన్నారని గరిటె తలగొట్టి మరీ కొలిచేవాడు. పాత తిండిలో కొత్తది రోజుకి కాస్త కాస్త పెంచుతూ పోయాడు. ఎప్పుడు మానేశాడో ఆయనకే తెలీదు గానీ ముక్కుకి బట్ట కట్టడం మానేశాడు.

చలి తగ్గుతున్న రోజుల్లో ఒక సాయంత్రం ఆయన కొట్టు కట్టేసి వస్తుంటే గుమ్మం తనంతట తనే లేచింది. నిదానంగానే, కానీ మూలగకుండా, గేటుదాకా ఎదురొచ్చింది. ఆయన వంగి దాని మెడ చుట్టూ చేతులు వేశాడు. అది ఆయన మొహం మీదికి తృప్తిగా ఒక తేన్పు వదిలింది.

ఆయన మొహం తిప్పుకోలేదు. "అత్తయ్యగారూ, ఓసారి ఇలా రండి" అని కేకేశాడు, "నడుస్తోంది చూడండి."