ఐదో పేరు

ఆ ఊళ్లో కొట్లాట జరిగితే కొట్టినవాళ్ల పేర్లతో కేసు ఆగదు. పాత కక్ష ఉన్నవాడి పేరు కూడా ఒకటి తగిలిస్తారు. కూరలో ఉప్పేసినంత తేలిక ఆ పని.

రూతమ్మ మొగుడు యేసోబును పట్టపగలు, నకరికల్లు పోయే దారిలో నలుగురు కర్రలతో కొట్టి చంపారు. ఆ నలుగుర్నీ ఆమె కళ్లారా చూసింది. కాయితం మీద మాత్రం ఐదు పేర్లెక్కాయి. ఐదోవాడు నరసింహారావు. పాపం, ఆ రోజు అతను ఊళ్లోనే లేడు, కూతుర్ని హాస్టల్లో దింపడానికి సత్తెనపల్లి వెళ్లాడు. కానీ రూతమ్మ వాళ్ల పార్టీ పెద్ద లక్ష్మీనారాయణకు అతనంటే పడదు.

"వెయ్యమ్మా వేలిముద్ర. అందరూ ఆళ్ల మనుషులేగా" అన్నాడు లక్ష్మీనారాయణ.

శవం ఇంకా వాకిట్లోనే ఉంది. రూతమ్మ వేసింది. చదివి వినిపించారు కూడా, వినలేదని చెప్పుకునే వీల్లేదు.

రెండేళ్లు గడిచాయి. అందరూ బెయిలు మీద బయటే ఉన్నారు. ఆదివారం చర్చి ఆరాధనలో సంఘమంతా పది ఆజ్ఞలు చెబుతారు. అబద్ధసాక్ష్యం పలకకూడదన్న మాట వచ్చేసరికి రూతమ్మ నోరు మూతపడేది. పక్కనున్న కూతురు దీవెన గట్టిగానే చెప్పేది. తల్లి నోటి సంగతి ఎవరూ గమనించలేదు. గమనించాల్సినవాడు గమనిస్తూనే ఉన్నాడు, అదీ ఆమె బాధ.

సాక్ష్యం చెప్పే వారం వచ్చింది. ఇద్దరూ వాకిట్లో మిరపకాయల తొడిమలు తీస్తున్నారు.

"కోర్టులో ఆ ఐదో పేరు చెప్పనే" అంది రూతమ్మ.

దీవెన చేతిలో కాయ పడేసింది. "చెప్పకపోతే ఏమైద్దో తెలుసా నీకు? ఒక్క పేరు అబద్ధమంటే నాలుగూ అబద్ధమే అంటారని లాయరు చెప్పలా? నాన్నని చంపినోళ్లు మనింటి ముందే మీసాలు తిప్పుకుంటా తిరుగుతారు."

"దేవుడు వద్దన్న పని ఒకసారి చేశా. మళ్లీ ఆయన మీదే ప్రమాణం చేసి అదే చెప్పమంటావా?"

"నాన్నని కొట్టేటప్పుడు ఆయన యాడికి పొయ్యాడు?"

రూతమ్మ కింద పడ్డ కాయ తీసి తొడిమ తుంచింది. ఆ మాట రెండేళ్లుగా తననీ తొలుస్తూనే ఉంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, అట్లా ఉంది ఆమె బతుకు. నిజం చెబితే మొగుడి చావుకు న్యాయం పోతుంది. చెప్పకపోతే ఏ పాపం ఎరగనివాడు యావజ్జీవం జైల్లో మగ్గుతాడు.

కోర్టులో ఆమె బోనెక్కింది. నలుగుర్నీ ఒక్కొక్కరిగా చూపించింది. ఐదోవాడి గురించి అడిగారు. నరసింహారావు తలొంచుకుని నిలబడ్డాడు.

"ఆయన లేడయ్యా. ఆయన పేరు నేను అబద్ధం చెప్పా. ఈ నలుగురు మాత్రం నిజం."

వాళ్ల లాయరు లేచాడు. "అప్పుడు అబద్ధం చెప్పినదానివి, ఇప్పుడు నిజం చెబుతున్నావని ఎట్టా నమ్మాలి?"

"నాకు తెలవదయ్యా. నేను చూశా. అంతే."

దేవుడు ఏదో ఒక దారి చూపిస్తాడని ఆమె చివరిదాకా ఎదురుచూసింది. నెల తిరక్కుండా తీర్పొచ్చింది. ఐదుగురూ బయటపడ్డారు.

నరసింహారావు భార్య శేషారత్నం పరుగున వచ్చి చేతులు పట్టుకుంది. "నా పసుపు కుంకాలు నిలబెట్టావు వదినా" అని ఏడ్చింది. మరి నావో అనుకుంది రూతమ్మ. సాయంత్రం ఆ నలుగురూ టపాకాయలు కాల్చుకుంటూ ఊళ్లోకొచ్చారు, రూతమ్మ ఇంటి ముందు ఇంకో నాలుగు ఎక్కువ కాల్చారు. దీవెన తలుపు సందులోంచి చూస్తూ నిలబడింది. ఆ రోజు నుంచి తల్లితో మాట్లాడలేదు.

ఆదివారం మాత్రం పక్కనే వచ్చి కూర్చుంది. ఆజ్ఞలు మొదలయ్యాయి. చంపకూడదన్న మాట దగ్గర దీవెన గొంతు ఆగిపోయింది. రూతమ్మ తిరిగి చూసింది. పిల్ల పెదాలు బిగించి ఎదురుగా గోడను చూస్తోంది.

ఆ నలుగురి మీద పిల్ల మనసులో ఏముందో రూతమ్మకు అర్థమైంది. ఒక్క ఆజ్ఞ దగ్గర నోరు మూసుకోవడమంటే ఏమిటో ఆమెకు తెలిసినంతగా ఆ గుడిలో ఎవరికి తెలుసు?

తన ఆజ్ఞ వచ్చింది. రెండేళ్ల తర్వాత నోరు తెరిచి చెప్పింది. చెబుతూ కూతురి చెయ్యి పట్టుకుంది. దీవెన విడిపించుకోబోయింది. రూతమ్మ వదల్లేదు.

"తండ్రీ, నువ్వు చెప్పింది నేను చేశా" అనుకుంది లోలోపల. "ఇక ఈ పిల్ల నీ పూచీ. దీన్ని కూడా పోగొట్టుకోమంటే నా వల్ల కాదు."