సింహం గీసినందుకు

“ఇది కాస్త చూడు, ఐదు నిమిషాల పనే,” అంటూ మావారు ఫోను నా ముందుకు చాపినప్పుడు నేను దుప్పటి మడతపెడుతున్నాను. టీషర్టుల మీద బొమ్మలు అచ్చు వేసే షాపు మాది. కింద షాపు, పైన ఇల్లు. అచ్చు వేసేది ఆయన, అచ్చుకి పనికొచ్చేలా బొమ్మ తయారుచేసేది నేను. ఆయన చేసేదాన్ని పని అంటారు. నేను చేసేదాన్ని కాస్త చూడటం అంటారు.

ఫోనులో ఉన్నది అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టు వాళ్ళ సింహం. కింద సింహం అని రాసి ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే జలుబు చేసిన పిల్లి అనుకునేదాన్ని. ఎవరో కాగితం మీద గీస్తే, ఇంకెవరో ఫొటో తీస్తే, అంతా మసకే. దాన్ని అలాగే అచ్చు వేస్తే జూలూ మీసాలూ ముద్దైపోతాయి. ప్రతి గీతా మళ్ళీ గీయాలి. ఏ రంగుకి ఆ రంగు విడదీయాలి. అమ్మాయిల జట్టు కదా అని దాని మీసం ఒకవైపు కాస్త పైకి తిప్పాను, పొగరుగా ఉండాలని. ఇలా ఎన్ని మధ్యాహ్నాలు పోయాయో. నడుం నొప్పి అంటే మా అత్తగారు, “కూర్చుని చేసే పనికి నొప్పేమిటే?” అని నిజంగానే ఆశ్చర్యపోయారొకసారి. ఆశ్చర్యపోతూనే తైలం రాశారు.

ఆ జట్టు కోచ్ షాపుకి వచ్చి సింహాన్ని చూసి, “ఇప్పుడు దీనికి రోషం వచ్చిందండీ,” అన్నాడు. ఆ తర్వాత ధర దగ్గర ఆగాడు. “తక్కువ చొక్కాలైతే ఒక్కోదానికి ఇంత ఎందుకండీ?”

“రంగుకో అచ్చు తెర కట్టడం, రంగులు కలపడం, మిషను మీద కుదర్చడం ఒక్క చొక్కాకైనా వందకైనా ఒకటేనండి. వందైతే ఆ ఖర్చు వంద మీద పంచుతాం,” అని మావారు ఓపికగా చెప్పారు.

“మరి బొమ్మకి?”

“అది మా ఆవిడ చేసేస్తుందిలెండి. దానికేం తీసుకోం.”

ఆలోచించి చెప్తానని, ఈలోగా అమ్మాయిలకి చూపించడానికి బొమ్మ పంపమన్నాడు కోచ్. మావారు పంపారు. అతను మళ్ళీ రాలేదు.

కొన్నాళ్ళకి కూరగాయలకి వెళ్తే మైదానం పక్క వీధిలో నా సింహాలు ఎదురొచ్చాయి. అమ్మాయిలు పరిగెడుతుంటే గుండెల మీద అవీ పరిగెడుతున్నాయి, పొగరు మీసంతో సహా. ఒళ్ళు పులకరించింది. నవ్వు ఆపుకోలేక సంచీ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఆయాసం తీర్చుకుంటున్న ఒకమ్మాయిని పిలిచి, “ఈ సింహాన్ని ఎవరు గీశారమ్మా?” అని అడిగాను.

ఆ పిల్ల చొక్కా వైపు చూసుకుంది. “ఏమోనండీ, చొక్కాతోపాటే వచ్చింది.”

దారంతా అదే మాట. బట్ట నేసినవాళ్ళకి డబ్బొచ్చింది, కుట్టినవాళ్ళకి వచ్చింది, వేరే షాపులో అచ్చు వేసినవాడికీ వచ్చింది. సింహం మాత్రం దానంతటదే వచ్చేసింది.

సంగతి వినగానే మావారు మండిపడ్డారు. “మన బొమ్మ పట్టుకెళ్ళి ఇంకోచోట వేయించాడా? ఇది దొంగతనం కాదూ?”

“దొంగతనం ఎలా అవుతుంది? ఊరికే ఇచ్చింది మీరేగా. అచ్చు ఎప్పుడైనా ఊరికే వేశారా?”

“అదెలా కుదురుతుంది? అందులో నా కష్టముంది.” అనేశాక ఆయన మాట ఆయనకే వినపడినట్టుంది.

సోఫాలోంచి అత్తగారు అందుకున్నారు. “నీది కష్టమూ, దానిది కాలక్షేపమూనట్రా? నడుముకి తైలం రాస్తున్నదాన్ని, నాకు తెలుసు.”

నాకు ఆవిణ్ణి కావలించుకోవాలనిపించింది. కావలించుకున్నాను కూడా.

మర్నాడు బేకరీ ఆవిడ తన పనివాళ్ళ చొక్కాల కోసం వచ్చింది. మావారు నోరు తెరిచేలోపే నేను ముందుకొచ్చాను. “బొమ్మ తయారీకి వేరేగా తీసుకుంటానండి. అది ఒక్కసారే. రెండుసార్లు మార్పులు చేసిస్తాను. అచ్చు ఖర్చు ఈయన చెప్తారు.” ఆవిడ, “ముందే చెప్పారు, నయం. కేకు మీద పేరు రాయడానికి నేనూ తీసుకుంటాను,” అని పర్సు తెరిచింది. నోట్లు నా చేతికే ఇచ్చింది. మావారు రంగు డబ్బా మూత అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయారు.

ఇంట్లో రెండు రోజులు మాటలు తక్కువగానే నడిచాయి. మూడో రోజు నేను భోజనానికి కూర్చున్నాను. కింద ఎవరో కొత్తాయనతో మావారు మాట్లాడుతున్నారు. “అచ్చు సంగతి ఇప్పుడే చెప్పేస్తానండి. బొమ్మకి ఎంతవుతుందో, ఎప్పటికవుతుందో మాత్రం మా ఆవిణ్ణే అడగాలి.” మెట్ల దగ్గరికొచ్చి నన్ను పిలిచారు.

“భోంచేసి వస్తాను, కూర్చోమనండి,” అన్నాను. ఇంకొంచెం వడ్డించుకున్నాను.